నిశానీ నుంచి ఓటీపీ దాకా: అంతర్జాలంలో గోప్యత, భద్రత

సంస్కృతంలో 'గుప్' అనే ధాతువుకు దాచడం, కాపాడడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. దాచి ఉంచినది గుప్తం, కాపాడేవాడు గోప్త. నేడు తెలుగులో విరివిగా వాడుతున్న 'గోప్యత' అనే మాట కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. అంతర్జాలంలో వ్యక్తిగత గోప్యత ఒక విషయమనీ, డబ్బుకూ ఖాతాలకూ సంబంధించిన భద్రత వేరొక విషయమనీ, మొదటిది మేధావుల చర్చకు చెందిన హక్కు కాగా రెండవది మాత్రమే సామాన్యుడు పట్టించుకోవలసిన అవసరమనీ చాలామంది భావిస్తారు. ఈ దేశంలో గత పదేళ్లలో జరిగిన ఆన్‌లైన్ మోసాల తీరును పరిశీలిస్తే ఆ విభజన నిలవదు. దొంగ చేతికి మొదట చిక్కేవి ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ జిరాక్స్, ఖాతా ఉన్న బ్యాంకు పేరు, పిల్లలు చదువుతున్న ఊరు వంటి చిన్న చిన్న వివరాలు. డబ్బు ఆ తరువాత పోతుంది. దాచుకోవలసినది దాచుకోలేకపోవడమే కాపాడుకోవలసినది కోల్పోవడానికి తొలి మెట్టు అవుతున్నది.

దాచుకోవలసిన రహస్యాలు లేనివారికి గోప్యతతో పనేమిటని అడగడం పరిపాటి. లోపల తప్పుడు పనులు జరుగుతున్నందువల్ల ఎవరూ ఇంటి తలుపుకు గడియ పెట్టించుకోరన్నది దానికి సులువైన సమాధానం. అంతకన్నా బలమైన సమాధానం సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న ఇచ్చిన తీర్పులో ఉంది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను ప్రశ్నిస్తూ 2012లో వేసిన వ్యాజ్యం నుంచి తలెత్తిన ఈ అంశాన్ని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం విచారించి, రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని ఏకగ్రీవంగా ప్రకటించింది. తనను గురించిన సమాచారం ఎవరి దగ్గర ఉండాలో, దేనికి వాడాలో తేల్చుకునే అధికారం మనిషికి ఉండడం ఈ హక్కులో ఒక ప్రధాన భాగం. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 26న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆధార్‌ను మెజారిటీ తీర్పుతో సమర్థిస్తూనే, ప్రైవేటు సంస్థలు ఆధార్ ధ్రువీకరణను కోరడానికి వీలు కల్పించిన నిబంధనను ఆ మేరకు కొట్టివేసింది. ఆ జాగ్రత్త ఎంత అవసరమో అదే ఏడాది తెలంగాణలో బయటపడిన ఒక నేరం స్పష్టంగా చూపింది.

తెలుగు నేల మీద భూమి కొన్నా అమ్మినా దస్తావేజు మీద వేలిముద్ర వేయడం తరాలుగా వస్తున్న పద్ధతి. చదువు రానివారు సంతకానికి బదులు వేసే నిశానీ కోర్టులో చెల్లే సాక్ష్యం. కాగితాల కాలంలో ఆ వేలిముద్ర రిజిస్ట్రేషన్ కార్యాలయపు బీరువాలోనే ఉండేది. దస్తావేజులను కంప్యూటర్లలోకి ఎక్కించి, ప్రజల సౌకర్యం కోసం వెబ్‌సైటులో అందుబాటులో ఉంచినప్పుడు, భూమి వివరాలతో పాటు యజమాని వేలిముద్ర, ఆధార్ సంఖ్య కూడా అపరిచితులకు అందుబాటులోకి వచ్చాయి. పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఆ దస్తావేజులను దించుకుని, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో వేలిముద్రలకు నకళ్లు చేసి, వాటితో వేలిముద్ర యంత్రాన్ని నమ్మించి, అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికి వేల సంఖ్యలో సిమ్ కార్డులను ఇతరుల పేర్ల మీద చలామణిలోకి తెచ్చాడని 2018లో పోలీసులు వెల్లడించారు. ఆ భూముల యజమానులు ఏ లింకునూ నొక్కలేదు, ఏ అంకెనూ ఎవరికీ చెప్పలేదు. చట్టం వేయమన్న చోట వేలు వేశారు, అంతే.

అదే పద్ధతిలో, ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ ద్వారా బ్యాంకు ఖాతాల నుంచే డబ్బు తీసిన ముఠాలు తరువాతి ఏళ్లలో పోలీసులకు చిక్కాయి. పల్లెల్లో బ్యాంకు శాఖకు వెళ్లలేని వృద్ధులు, ఉపాధి కూలీలు బ్యాంకు ప్రతినిధి దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేందుకు ఉద్దేశించిన ఈ వ్యవస్థలో చాలాకాలం ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అవసరమే ఉండేది కాదు. అందువల్ల ఆధార్ ఉన్న ప్రతివారూ విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో గాని, దాని యాప్‌లో గాని తమ వేలిముద్రలకు తాళం వేసుకోవడం మంచిది. తాళం వేసి ఉన్నంతకాలం ఆ వేలిముద్రతో ఎక్కడా ధ్రువీకరణ జరగదు. రేషన్ దుకాణం వంటి చోట్ల అవసరమైనప్పుడు తాత్కాలికంగా తీసి మళ్లీ వేసుకోవచ్చు. జిరాక్స్ ఇవ్వవలసి వచ్చిన చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగింటినే చూపే ముసుగు ఆధార్ ప్రతిని ఇవ్వవచ్చు. ఇదే సలహాను 2022 మే నెలలో ఆ సంస్థకు చెందిన బెంగళూరు కార్యాలయం ప్రకటనగా విడుదల చేస్తే, ప్రజలు అపార్థం చేసుకోవచ్చునంటూ రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకోవలసిన అవసరం లేని సలహా అది. లాడ్జిలో, అద్దె ఇంటి ఒప్పందంలో, కొత్త సిమ్ కొన్న దుకాణంలో వదిలివచ్చిన జిరాక్స్ చివరికి ఎవరి చేతికి పోతుందో ఇచ్చినవారికి తెలియదు.

ఫోన్ నంబరు సంగతి మరింత తేలిక. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపను మీద, బట్టల దుకాణపు బిల్లు కౌంటరులో, ఆసుపత్రి ఓపీ చీటీ మీద, సంబంధాల కోసం వివాహ వేదికలో రాసిన నంబర్లు చేతులు మారుతూ పోగుపడతాయి. వీటికి తోడు పెద్ద సంస్థల కంప్యూటర్ల నుంచే మూకుమ్మడిగా జరిగే చౌర్యం ఒకటి ఉంది. యాహూ సంస్థలో 2013లో జరిగిన చౌర్యానికి దాని 300 కోట్ల ఖాతాలన్నీ లోనయ్యాయని 2017లో గాని లోకానికి తెలియలేదు. ఇలా పోయిన సమాచారం దొంగల అంగడిలో అమ్ముడవుతుంది. ఒకచోట పేరు, మరొకచోట పుట్టిన తేదీ, ఇంకొకచోట చిరునామా దొరికితే వాటిని కలిపి కుట్టడం కష్టం కాదు. అవతలి మనిషి పేరు పెట్టి పిలిచి, తండ్రి పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు చెప్పగానే అతడు నిజంగానే బ్యాంకు ఉద్యోగి అని నమ్మేవారికి ఈ అంగడి ఉన్నదని తెలియదు. వివరాలు తెలిసి ఉండడం అధికారానికి గుర్తు కాదని గ్రహించడం ఈ కాలపు ప్రాథమిక విద్యలో భాగం కావాలి.

పోగైన వివరాలను ఆయుధంగా మార్చే పాత పద్ధతుల్లో ఒకటి 'ఫిషింగ్'. బ్యాంకు పంపినట్టు, విద్యుత్ శాఖ పంపినట్టు, తపాలా శాఖ పంపినట్టు సందేశం పంపి, అందులోని లింకు నొక్కినవారిని అసలు సైటును పోలిన నకిలీ సైటుకు చేర్చి, అక్కడ వారే తమ పాస్‌వర్డును నింపేటట్టు చేయడానికి ఆ పేరు. గాలానికి ఎర కట్టి చేపకోసం కాచుకోవడం అన్న పోలిక ఆ ఇంగ్లీషు మాటలో ఉంది. నకిలీ సైటు రంగులు, గుర్తులు, అక్షరాలు అసలుదానిలాగే ఉంటాయి గనుక కంటితో రూపాన్ని చూసి తేల్చుకోవడం సాధ్యం కాదు; చిరునామాను చదవడం ఒక్కటే దారి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది గాని వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర వస్తుంది. మొదట్లోని https:// తరువాత వచ్చే తొలి ఏటవాలు గీతకు ముందు, కుడివైపు చివర ఉన్న ముక్కలే ఆ సైటు అసలు యజమానిని తెలుపుతాయి. వాటికి ఎడమ పక్కన ఏ బ్యాంకు పేరైనా, ఏ ప్రభుత్వ శాఖ పేరైనా ఎవరైనా తగిలించుకోవచ్చు. బ్యాంకు పేరు మొదట ఉండి 'కేవైసీ అప్‌డేట్ డాట్ కామ్' అని ముగిసే చిరునామా ఆ బ్యాంకుది కాదు, ఆ చివరి పేరును కొనుక్కున్నవాడిది.

ఈ చిక్కును తగ్గించడానికి రిజర్వు బ్యాంకు 2025లో ఒక మేలైన పని చేసింది. దేశంలోని బ్యాంకులన్నీ ఆ ఏడాది అక్టోబరు 31లోగా తమ వెబ్ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసేటట్టు మార్చుకోవాలని ఆదేశించి, ఆ పేర్లను కేటాయించే బాధ్యతను హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనాభివృద్ధి సంస్థకు అప్పగించింది. బ్యాంకు కానివారికి ఆ ఇంటిపేరు దొరకదు. చిరునామా పక్కన తాళం బొమ్మ కనిపిస్తే సైటు నమ్మదగినదేనని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. ఫోనుకూ ఆ సైటుకూ నడుమ ప్రయాణించే సమాచారాన్ని మూడోవాడు చదవలేడని మాత్రమే ఆ బొమ్మ చెబుతుంది గాని, అవతల ఉన్నవాడు దొంగో దొరో చెప్పదు. దొంగ సైట్లు కూడా ఆ తాళాన్ని సంపాదించుకుంటున్నాయి. ప్రజలు దాన్ని అపార్థం చేసుకుంటున్నారన్న కారణంతోనే గూగుల్ 2023లో తన క్రోమ్ బ్రౌజరులో తాళం బొమ్మను తీసి వేరే గుర్తు పెట్టింది.

సందేశం కన్నా మాట ఎక్కువ హాని చేస్తుంది. భారతదేశంలో ఎక్కువ సొమ్ము పోతున్నది కంప్యూటరు తాళాలు పగలగొట్టడం వల్ల కన్నా, యజమానితోనే తాళం తీయించడం వల్ల. ఒకసారి మాత్రమే చెల్లే సంకేత సంఖ్య అయిన ఓటీపీ ఖాతాదారు సమ్మతికి రుజువు కనుక, దాన్ని ఫోనులో అడిగి తెలుసుకోవడం వేరొకరి సంతకాన్ని కాజేయడంతో సమానం. 2016లో వచ్చిన యూపీఐ విషయంలో ఒక సూత్రం గుర్తుంటే సగం మోసాలు ఆగిపోతాయి: డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు, క్యూఆర్ గుర్తును స్కాన్ చేయనక్కరలేదు; ఆ రెండూ డబ్బు పోవడానికే. పాత మంచమో ద్విచక్ర వాహనమో అమ్మకానికి పెట్టినవారికి కొనుగోలుదారు పేరుతో ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నానంటూ నిజానికి డబ్బు కోరే అభ్యర్థనను పంపి పిన్ కొట్టించుకున్న మోసాలు ఎన్ని జరిగాయంటే, వ్యక్తుల మధ్య అటువంటి అభ్యర్థనలు పంపే వీలునే జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ఎత్తివేయవలసి వచ్చింది.

ఇటువంటి మాటలన్నింటిలో భయం, ఆశ, తొందర అనే మూడు పోగులు పేనుకుని ఉంటాయి. ఈ రాత్రికే కరెంటు తీసేస్తామన్న బెదిరింపులో భయమూ తొందరా కలిసి ఉంటే, ఇంట్లో కూర్చుని వీడియోలకు లైకులు కొడితే రోజుకు వేలు వస్తాయన్న టెలిగ్రామ్ పిలుపులో ఆశ ఉంటుంది. భయాన్ని ఆధారం చేసుకున్నవాటిలో అతి క్రూరమైనది 'డిజిటల్ అరెస్టు'. పంపిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, ఆధార్ సంఖ్య మీద తెరిచిన ఖాతాలో నల్లధనం ప్రవహించిందనో మొదలుపెట్టి, వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, వెనుక గోడ మీద జాతీయ చిహ్నం చూపి, కోర్టు ముద్రలున్న కాగితాలు పంపి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కెమెరా ముందు నుంచి కదలనివ్వకుండా, ఇంట్లోవారితో సైతం మాట్లాడనివ్వకుండా ఉంచి, జీవితకాలపు పొదుపును 'తనిఖీ' పేరుతో బదిలీ చేయించుకుంటారు. విశ్రాంత ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు సైతం దీనికి బలైన తీరు చూస్తే, చదువుకూ మోసపోవడానికీ సంబంధం అంతగా లేదని తెలుస్తుంది. జీవితమంతా చట్టానికి భయపడి నడుచుకున్నవారే ఈ వలలో సులువుగా పడతారు. వీడియో కాల్ ద్వారా మనిషిని అరెస్టు చేసే విధానం ఏదీ భారత చట్టాల్లో లేదు. ఆ సంగతిని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రత్యేకంగా ప్రస్తావించారు. 2025లో సుప్రీంకోర్టు ఈ నేరాలను తానుగా విచారణకు స్వీకరించి, డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఆ ఫోన్ చేసే గొంతు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం తెలుగువారిని మరింత బాధపెడుతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో కంబోడియాకు తీసుకువెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, కంచెల మధ్య బంధించి, సాటి భారతీయులను మోసగించే పని చేయించిన వ్యవహారాన్ని విశాఖపట్నం పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. ఉత్తరాంధ్ర యువకులు ఎందరో అందులో చిక్కుకున్నారు. ఏజెంటుకు లక్షల్లో కమీషను కట్టి విదేశీ ఉద్యోగానికి వెళ్లేముందు విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటో కాదో చూసుకోవడం కూడా ఆన్‌లైన్ భద్రతలో భాగమైపోయిందంటే ఈ నేరం వేళ్లు ఎంత దూరం పాకాయో ఊహించవచ్చు.

ఫోనులోకి నేరుగా చొరబడే మార్గం ఏపీకే ఫైలు. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను స్థాపించే మూటకు ఆ పేరు. సాధారణంగా అది ప్లే స్టోరు ద్వారా, ఎంతో కొంత పరిశీలన జరిగాక వస్తుంది. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ జాబితా అనో, ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టి వచ్చే ఫైలుకు ఆ పరిశీలన ఉండదు. దాన్ని తెరిచి అనుమతులన్నింటికీ సరేనన్న మరుక్షణం నుంచి ఫోనుకు వచ్చే ఎస్ఎంఎస్‌లు, వాటిలోని ఓటీపీలు ఎక్కడో ఉన్న మనిషికి చేరిపోతాయి. ఆపైన అదే వాట్సాప్ ఖాతా నుంచి అదే శుభలేఖ బంధువులందరికీ వెళుతుంది. తెలిసినవారి నంబరు నుంచి వచ్చింది కాబట్టి మంచిదేనన్న నమ్మకమే దీనికి వాహనం. శుభలేఖ ఎప్పుడూ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. స్థాపించమని అడిగేది శుభలేఖ కాదు.

అనుమతుల విషయంలో తెలుగు రాష్ట్రాలు చవిచూసిన విషాదం రుణ యాప్‌లది. కరోనా కాలంలో ఆదాయాలు పోయినవారికి అయిదు వేలు, పది వేలు నిమిషాల్లో ఇచ్చిన ఈ యాప్‌లు, ఇచ్చేముందే ఫోనులోని పరిచయాల జాబితా, ఫొటోలు చూసే అనుమతి తీసుకునేవి. గడువు దాటగానే బంధువులకు, సహోద్యోగులకు అవమానకరమైన సందేశాలు, మార్చిన ఫొటోలు వెళ్లేవి. అప్పు కోసం తాకట్టు పెట్టినది బంగారం కాదు, పరువు. 2020 చివరిలో తెలంగాణలో వరుసగా జరిగిన ఆత్మహత్యల తరువాత హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశీయులతో సహా పలువురిని అరెస్టు చేశారు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో జారీ చేసిన నిబంధనలు రుణ యాప్‌లు పరిచయాల జాబితాను, కాల్ వివరాలను, ఫైళ్లను ముట్టుకోరాదని నిషేధించాయి. ఇప్పటికీ ఆ అనుమతి అడిగే రుణ యాప్ చట్టం బయట నడుస్తున్నదని అర్థం చేసుకోవచ్చు. అసలు ఏ యాప్ విషయంలోనైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: టార్చిలైటుకు పరిచయాల జాబితాతో పనేమిటి? సమాధానం దొరకని అనుమతిని ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి ఎప్పుడైనా రద్దు చేయవచ్చు.

ఫోన్ నంబరే నేడు మనిషికి తాళంచెవి అయినందువల్ల ఆ నంబరునే కాజేసే పద్ధతులూ పుట్టాయి. నకిలీ పత్రాలతో వేరొకరి నంబరుకు కొత్త సిమ్ తీసుకోవడం వాటిలో ఒకటి. కొరియర్ ఉద్యోగినంటూ ఫోన్ చేసి, నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఒక సంఖ్యను నొక్కించి కాల్స్‌ను తన నంబరుకు మళ్లించుకోవడం మరొకటి. ఈ మళ్లింపు ఎంత దుర్వినియోగమైనదంటే ఆ విధంగా సంఖ్య కొట్టి మళ్లించే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. చేతిలోని ఫోనుకు అకారణంగా సిగ్నల్ పోయి గంటల తరబడి రాకపోతే దాన్ని టవరు సమస్యగా వదిలేయరాదు. తన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకునే సదుపాయం సంచార్ సాథీ పోర్టల్‌లో ఉంది. 2021లో తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిధిలో మొదలై తరువాత దేశమంతటికీ విస్తరించిన సేవ ఇది. తెలియని నంబరు అందులో కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. పెద్దపల్లి ఉదంతం నాటికి ఇది ఉండి ఉంటే ఆ యజమానుల్లో కొందరైనా ముందే మేలుకునేవారు.

పాస్‌వర్డు గురించి ప్రచారంలో ఉన్న సలహాలన్నీ సరైనవి కావు. బాధ్యతగల సంస్థ ఏదీ ఖాతాదారు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచుకోదు. గణిత పద్ధతిలో దాన్ని 'హాష్' అనే గుర్తుగా మార్చి ఆ గుర్తునే ఉంచుకుంటుంది. పసుపు కొమ్మును దంచి పొడి చేయవచ్చు గాని పొడి నుంచి కొమ్మును తిరిగి చేయలేనట్టే, హాష్ నుంచి పాస్‌వర్డును వెనక్కి రాబట్టలేరు. అయితే దొంగ తెలివిగా ముందే ఊహించిన కోట్ల మాటలను తానే దంచి, దొంగిలించిన పొడితో పోల్చి చూస్తాడు. పేరు, పుట్టిన సంవత్సరం, 'ఎట్' గుర్తు కలిపి చేసినవి అతని ఊహలో మొదటే ఉంటాయి. అక్షరాలను వింతగా మార్చడం కన్నా పొడవు పెంచడమే బలం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాస్తే గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం కష్టం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పొడవుకు ప్రాధాన్యమిచ్చి, నెలకోసారి పాస్‌వర్డు మార్చమని నిర్బంధించే అలవాటును మానుకొమ్మంది. అన్నింటికీ ఒకే పాస్‌వర్డు వాడడం మాత్రం క్షమించరాని పొరపాటు. ఏదో షాపింగు సైటు నుంచి పోయిన ఈమెయిల్, పాస్‌వర్డుల జతను దొంగలు జీమెయిల్ మీద, బ్యాంకు మీద యంత్రాలతో ప్రయత్నించి చూస్తారు. ఈమెయిల్ చేజిక్కితే మిగిలిన ఖాతాలన్నింటి పాస్‌వర్డులనూ దాని ద్వారానే మార్చేయవచ్చు కనుక, అన్నింటికన్నా గట్టి కాపలా పెట్టవలసినది ఈమెయిల్‌కే.

రెండంచెల ధ్రువీకరణ ఆ కాపలాలో ముఖ్యమైనది. మనిషికి తెలిసినది పాస్‌వర్డు, మనిషి దగ్గర ఉన్నది ఫోను, మనిషి శరీరంలో భాగమైనది వేలిముద్ర. ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఖాతా తెరుచుకునేటట్టు చేయడమే దీని సారాంశం. వాట్సాప్‌లో ఆరంకెల పిన్‌ను సెట్టింగుల్లో పెట్టుకుంటే, నమోదు సంకేతాన్ని ఎవరైనా మాయమాటలతో తెలుసుకున్నా ఖాతాను స్వాధీనం చేసుకోలేరు. శరీర లక్షణాలను మాత్రం అదుపుగా వాడాలి. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, సిమ్ పోతే కొత్తది తీసుకోవచ్చు. దస్తావేజు నుంచి నకలైపోయిన బొటనవేలును మార్చుకునే వీలు మనిషికి లేదు.

నేరగాళ్లు కానివారు, చట్టబద్ధంగా వ్యాపారం చేసేవారు కూడా గోప్యతకు భంగం కలిగిస్తారు. నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసిన లూ మాంటుల్లి 1994లో రూపొందించిన 'కుకీ' అనే చిన్న ఫైలు, వెబ్‌సైటుకు వచ్చిన మనిషిని మళ్లీ గుర్తుపట్టి అతడు ఎంచుకున్న వస్తువులను గుర్తుంచుకోవడానికి పుట్టింది. ప్రకటనల సంస్థలు వేల సైట్లలో తమ కుకీలను ఉంచడంతో అదే ఫైలు మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో రాసిపెట్టే డైరీగా మారింది. అలా సేకరించిన సమాచారం ఎటు దారితీస్తుందో 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం తెలిపింది. వ్యక్తిత్వ పరీక్ష పేరుతో వచ్చిన ఒక ఫేస్‌బుక్ యాప్‌ను వాడినవారి వివరాలతో పాటు వారి స్నేహితుల వివరాలు కూడా, మొత్తం మీద 8.7 కోట్లమందివి, రాజకీయ ప్రచారాలకు పనిచేసే సంస్థకు చేరి ఉండవచ్చునని ఫేస్‌బుక్ అంగీకరించింది. వారిలో అత్యధికులు ఆ పరీక్షను చూడనైనా చూడలేదు. స్నేహితుడి ఉత్సాహానికి వారు మూల్యం చెల్లించారు. గోప్యత ఒక్కరి చేతిలో ఉండే వస్తువు కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. పసిపిల్లల ఫొటోలను, బడి పేరు కనిపించే యూనిఫాంతో సహా, అందరికీ కనిపించేటట్టు పెట్టే తల్లిదండ్రులు ఈ కోణాన్ని కాస్త ఆలోచించాలి. బ్రౌజరులోని అజ్ఞాత కిటికీ (ఇన్‌కాగ్నిటో) కూడా, చూసిన సైట్ల చరిత్రను ఇంట్లోవారి కంట పడకుండా చేస్తుందే తప్ప, చూస్తున్న సైటు నుంచి గాని ఇంటర్నెట్ ఇస్తున్న కంపెనీ నుంచి గాని దాచదు.

బహిరంగంగా పెట్టిన ఫొటోలకు ఇప్పుడు కృత్రిమ మేధ తోడైంది. నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక మహిళ వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ 2023 నవంబరులో దేశమంతా తిరిగింది. అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవడానికి ఆ పని చేశాడంటూ గుంటూరుకు చెందిన ఒక యువకుడిని ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో అరెస్టు చేశారు. ప్రముఖులకు జరిగితే వార్త అవుతుంది. పల్లెటూరి కళాశాలలో ఒక అమ్మాయికి జరిగితే చదువు ఆగిపోతుంది. ఆమెకు ముందుగా అందవలసినది ఇంటివారి అండ. ఫోను లాక్కోవడం, చదువు మాన్పించడం నేరగాడి పనిని పూర్తి చేసిపెట్టడమే.

జాగ్రత్తల భారమంతా పౌరుడి మీదనే మోపడం న్యాయం కాదు. హైదరాబాదులోని ఒక సహకార బ్యాంకు నుంచి 2022 జనవరిలో పన్నెండు కోట్ల రూపాయలకు పైగా తరలిపోవడానికి ఖాతాదారుల అజ్ఞానం కారణం కాదు; సిబ్బందికి వచ్చిన నకిలీ ఈమెయిళ్లు, బ్యాంకు కట్టుదిట్టం చేసుకోని వ్యవస్థలు కారణమని పోలీసు దర్యాప్తు తేల్చింది. సమాచారాన్ని అడిగి పుచ్చుకున్నవాడే దానికి పూచీ పడాలన్న సూత్రంతో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి; సంస్థల ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది గాని నష్టపోయిన మనిషికి రాదు. పైగా సమాచార సాంకేతిక చట్టంలో పరిహారం కోరేందుకు వీలిచ్చిన 43ఎ సెక్షన్‌ను ఈ చట్టం తొలగిస్తున్నది. వేలిముద్ర పోగొట్టుకున్న రైతుకు దక్కవలసినదాన్ని ఖజానాకు మళ్లించడం ఈ చట్టంలోని పెద్ద లోపం, దాన్ని సవరించక తప్పదు.

ఖాతాదారుకు అక్కరకు వచ్చే నిబంధన ఒకటి రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. బ్యాంకు తప్పు గాని ఖాతాదారు తప్పు గాని లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారు మీద నష్టం ఏమీ పడదు; ఖాతాదారు నిర్లక్ష్యం ఉందని రుజువు చేసే బాధ్యత కూడా బ్యాంకుదే. ఓటీపీని తానే చెప్పిన సందర్భంలో ఫిర్యాదు చేసేవరకు పోయినది ఖాతాదారు నష్టమే అవుతుంది కనుక అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. దొంగ సొమ్ము అద్దె ఖాతాల్లో ఒకదాని నుంచి మరొకదానికి గంటల్లో మారిపోతుంది. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసినప్పుడు ఆ ఫిర్యాదు కేంద్ర హోం శాఖ నడిపే వ్యవస్థ ద్వారా డబ్బు చేరిన బ్యాంకులకు వెళ్లి, అది అప్పటికి ఏ ఖాతాలో ఉంటే అక్కడ స్తంభింపజేస్తారు. ఆలస్యమైతే స్తంభింపజేయడానికి ఏమీ మిగలదు. ఆ ఆలస్యానికి ఎక్కువసార్లు కారణం సిగ్గు. కొడుకు తిడతాడని తండ్రి, భర్త దెప్పుతాడని భార్య రెండు రోజులు లోలోపల కుమిలి మూడో రోజు బయటపడతారు. మోసపోయిన మనిషిని ఆ పూట ఎవరూ మందలించకుండా, ముందుగా 1930కి ఫోన్ చేయించి, ఆ వెంటనే బ్యాంకుకు తెలియజేయాలి. ఆ నాలుగంకెలను ఇంట్లోని పెద్దవారి ఫోనులో ఇవాళే ఎక్కించి పెట్టండి.